మనస్సు కుంగిన బిడ్డను ఒంటరిగా విడువకుడి

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 19:1–21, మార్కు 5:1–43, అపొ. కార్యములు 16:25–34.

(ఈ పాఠమును కుటుంబ ప్రార్థనలోను, స్త్రీల కూటములోను, యౌవనస్థుల కూటములోను రెండు మూడు వారములుగా విభజించి చదువుకొనవచ్చును.)



కాజీపేట జంక్షను మనలో అనేకులు ఎరిగినదే. ఢిల్లీ వైపునుండి వచ్చు రైలు దారి అక్కడ రెండుగా చీలి, ఒకటి సికింద్రాబాదునకును, మరియొకటి వరంగల్లు, డోర్నకల్ మీదుగా విజయవాడకును పోవును. బండి ఆగకుండ స్టేషను దాటిపోవునప్పుడు రైల్వే సిబ్బంది నిలువబడి దానిని మొదటినుండి చివరివరకు కన్నార్పక చూతురు. ఏ పెట్టె క్రిందనైనను ఇరుసు వేడెక్కి పొగ వచ్చుచున్నదేమో అని వారి కనిపెట్టు. పొగ కనబడెనా, వెంటనే బండిని ఆపింతురు. ఆ పెట్టెను విడదీసి మరమ్మతు చేయింతురు. ఆ పెట్టెను తిట్టువారు లేరు. "పై స్టేషనులో చూచుకొందము" అని విడిచిపెట్టువారును లేరు. పై స్టేషను చేరులోపల బండి పట్టాలు తప్పవచ్చునని వారెరుగుదురు.

మన యిండ్లలోని బిడ్డల విషయమై మనము ఇంత మెలకువగా ఉన్నామా? బిడ్డ మనస్సునందు పొగ కనబడినప్పుడు మనము తిట్టుదుము, లేదా దాచుదుము, లేదా పై ఆదివారము వరకు చూతమందుము. ఈ మాసపు పాఠము ఈ విషయమును గూర్చినదే.

మేము చేసిన తప్పు

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమునుండి ఒక తల్లి మాయొద్దకు వచ్చెను. ఆమె కుమారుడు హాస్టలులో ఉండి ఇంటరు చదువుచు ఇంటికి వచ్చియుండెను. "అయ్యగారూ, పిల్లగాడు నాలుగు రాత్రులాయె, కన్ను మూస్తలేడు. తనలో తానే మాట్లాడుకుంటుండు. అన్నం పెడితే ఇండ్ల ఏదో కలిపిండ్రు అంటుండు" అని ఆమె ఏడ్చెను.

మేము వెళ్లి ప్రార్థించితిమి. ప్రార్థించుట తప్పు కాదు. గాని "ఆదివారము వరకు ఉపవాసముండి కనిపెట్టుడి, పిమ్మట చూతము" అని మేము చెప్పిన మాట తప్పు. నలుగురికి తెలిసిన పరువు పోవునను భయము ఆ యింటివారికి ఉండెను. ఆ భయమునకు మేము భక్తి అను ముసుగు వేసితిమి. శుక్రవారము రాత్రి ఆ చిన్నవాడు తలుపు తీసికొని వెళ్లిపోయెను. తెల్లవారుజామున చెరువునందు నడుములోతు నీటిలో నిలిచియుండగా చేపలు పట్టువారు చూచి, పట్టుకొని ఒడ్డుకు తెచ్చిరి. ఆ దినమే పట్టణములోని ఆసుపత్రికి తీసికొని వెళ్లితిమి. తల్లి వానితో అక్కడనే ఉండెను. మూడు వారములకు అతడు ఇంటికి వచ్చెను. ఇప్పుడు మందులు వాడుకొనుచు, పని చేసికొనుచు, ఆరాధనకు వచ్చుచున్నాడు. ఇది దేవుని కృప. అయినను ఆ తల్లి మాయొద్దకు వచ్చిన దినమునకును ఆసుపత్రికి వెళ్లిన దినమునకును నడుమ పోయిన దినములు మేము పోగొట్టినవే. వేరొక యింట ఆ దినములు పోకుండవలెనని దీనిని వ్రాయుచున్నాము.

1. ఏలీయాకు జరిగిన ఉపచారము

1 రాజులు 19వ అధ్యాయమును తెరువుడి. కర్మెలు పర్వతముమీద అగ్నిని చూచిన ప్రవక్త ఇప్పుడు యెజెబెలు బెదిరింపునకు భయపడి పారిపోవుచున్నాడు. మూడవ వచనమును మరల చదువుడి. బెయేర్షెబాలో అతడు తన పనివానిని విడిచిపెట్టెను. అనగా తోడుగా ఉన్న ఒక్కనిని కూడ వదలుకొనెను. అటుపిమ్మట అరణ్యములో ఒక దినపు ప్రయాణము చేసి, బదరీ వృక్షము క్రింద కూర్చుండి, తనకిక మరణమే చాలునని దేవుని వేడుకొనెను.

ఏలీయా విశ్వాసము లేనివాడా? ప్రార్థన ఎరుగనివాడా? కాడు. విశ్వాసవీరుని మనస్సు సయితము కుంగవచ్చునని ఈ అధ్యాయము మనకు చూపుచున్నది. కాబట్టి మన బిడ్డ కుంగినయెడల, "నీకు విశ్వాసము తక్కువ" అనుటకు మనకు అధికారము లేదు.

దేవుడు అతనికి ఏమి చేసెనో క్రమముగా గమనించుడి. మొదట గద్దింపు లేదు. దూత వచ్చి అతని ముట్టెను. నిప్పులమీద కాల్చిన రొట్టెయు, నీళ్లును అతని తలయొద్ద ఉండెను. తిని మరల పండుకొనగా లేపలేదు, నిద్రపోనిచ్చెను. రెండవమారు వచ్చి మరల తినుమనెను. ప్రయాణము అతని శక్తికి మించినదని దూతయే ఒప్పుకొనెను. సంభాషణ ఆరంభమైనది ఎప్పుడు? శరీరము బలపడి, హోరేబు చేరిన తరువాతనే. అప్పుడును ఏలీయా ఒకే దుఃఖమును రెండుమారులు చెప్పుకొనగా దేవుడు రెండుమారులును వినెను. కడపట అతనికి ఎలీషాను తోడుగా ఇచ్చెను. తోడును విడిచిపెట్టిన చోట ఆపద మొదలాయెను. తోడు దొరికిన చోట అధ్యాయము ముగిసెను.

ఆహారము, నిద్ర, కాపుదల, వినుట, తోడు. నేటి వైద్యులు ఆపత్కాలములో మొదట చూచునవి కూడ ఇవియే.

2. పొగను గుర్తించుట

మనోవ్యాధి పెద్దవారికే వచ్చునని కొందరనుకొందురు. మనోవ్యాధులలో సగము పదునెనిమిదేండ్ల వయస్సులోపలనే ఆరంభమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగలవారిలో నూటికి సుమారు ఏడుగురికి ఏదో యొక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలెను. అనగా మన సండేస్కూలు పెద్ద తరగతిలో ముప్పదిమంది ఉన్నయెడల, వారిలో ఇద్దరు ఇట్టి బాధను మోయుచుండవచ్చును.

ప్రతి దుఃఖమును వ్యాధి కాదు. గాని ఈ క్రింది గుర్తులు కనబడినప్పుడు ఆలస్యము చేయరాదు:

కొన్ని రాత్రులు వరుసగా నిద్రలేకుండుట. అన్నము నీళ్లు మానివేయుట. ఎవరును లేనిదే స్వరములు వినబడుచున్నవనుట. ఇంటివారే తనకు హాని చేయుచున్నారని గట్టిగా నమ్ముట. అంతులేని హుషారుతో మాటలాడుచు తిరుగుట. లేక మాట మానివేసి రాతివలె కూర్చుండుట. తన్ను తాను గాయపరచుకొనుట. "నేను లేకపోతే మీకు మంచిది" అనుట. తనకు ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట.

పరీక్షా ఫలితముల కాలమున మరింత మెలకువ కావలెను. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మార్కులలో తప్పులు దొర్లిన సంగతి కూడ బయటపడెను. ఇట్టి మరణమునకు కారణము ఒక్కటే అని ఎవరును చెప్పజాలరు. అయినను ఆ వారములో ప్రతి యింటను ఎవరైన ఒకరు బిడ్డ ప్రక్కన కూర్చుండి, "మార్కులు ఎట్లున్నను నీవు మాకు కావలెను" అని చెప్పవలసియున్నది.

ఇది దయ్యమా, వ్యాధియా అని అడుగువారు ఉందురు. మత్తయి 4:24 చదువుడి. ప్రభువునొద్దకు తేబడినవారిలో దయ్యము పట్టినవారిని ఒక లెక్కగాను, చాంద్రరోగులను మరియొక లెక్కగాను సువార్తికుడు చెప్పుచున్నాడు. రోగము రోగమే. ఆకస్మికముగా బిడ్డ మాట తప్పుచున్నయెడల అది మెదడుకు సోకిన జ్వరము కావచ్చును, తలకు తగిలిన దెబ్బ కావచ్చును, మూర్ఛ కావచ్చును. ఇంటిలో కూర్చుండి మనము తీర్మానింపలేము. వైద్యుడు పరీక్షింపవలెను.

3. ఆ రాత్రి చేయవలసినవి

ఫిలిప్పీ చెరసాల నాయకుని జ్ఞాపకము చేసికొనుడి. ఖైదీలు పారిపోయిరనుకొని అతడు కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. పౌలు ఏమి చేసెను? ఆత్మహత్య పాపమని ప్రసంగము చేయలేదు. బిగ్గరగా కేకవేసి, హాని చేసికొనవద్దని ఆపి, తామందరు అక్కడనే ఉన్నామని తెలియజేసెను. ప్రాణము నిలిచిన తరువాతనే రక్షణను గూర్చిన మాట. ఆ రాత్రి మనము చేయవలసినదియు ఇదియే.

మొదటిది, బిడ్డను ఒంటరిగా విడువకుడి. ఇంటివారు వంతులు వేసికొని రాత్రియంతయు ప్రక్కన ఉండవలెను. ఎక్కువమంది గుమికూడి ప్రశ్నలు వేయరాదు. బిడ్డ నమ్మిన ఒకరిద్దరు చాలును.

రెండవది, సూటిగా అడుగుడి. "బిడ్డా, చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా?" అని మెల్లగా అడిగినందున లేని తలంపు పుట్టదు. అడుగువారున్నారని తెలిసినప్పుడు అనేకులకు గుండె భారము తగ్గును.

మూడవది, హాని చేయు వస్తువులను ఇంటినుండి తీసివేయుడి. మనది ప్రత్తి పండించు ప్రాంతము. పురుగు మందు డబ్బా లేని ఇల్లు తక్కువ. దానిని తాళములో ఉంచుడి, లేదా వేరొకరి యింట పెట్టుడి. ఆ ఘడియ దాటినయెడల అనేకులు బ్రదుకుదురు. ఒకవేళ బిడ్డ ఏదైన మ్రింగియుండినయెడల ఉప్పునీళ్లు పోసి వాంతి చేయింపకుడి. ఆ డబ్బాను చేతబట్టుకొని వెంటనే ఆసుపత్రికి పొండి.

నాలుగవది, సహాయమును పిలువుడి. 108కు ఫోను చేసినయెడల అంబులెన్సు వచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను నంబరు ఉన్నది. రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులోనే మాటలాడి దారి చెప్పుదురు. ఈ రెండు నంబరులను మందిరపు తలుపునొద్ద వ్రాసిపెట్టుడి.

ఐదవది, పోలీసు కేసు అగునని భయపడి దాచకుడి. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారనియే తలంచి, వారిని శిక్షింపరాదని చెప్పెను. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేనే లేదు. ఆసుపత్రిలో వివరములు వ్రాసికొందురు, పోలీసువారికి తెలుపుదురు. అది బిడ్డను శిక్షించుటకు కాదు.

4. ఆసుపత్రిలో ఏమి జరుగును?

కాజీపేట, హనుమకొండ ప్రాంతములవారికి పెద్ద దవాఖాన వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి. ఎం.జి.ఎం. అన్నచో అందరికి తెలియును. 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి. మానసిక వైద్య విభాగము అందులో ఉన్నది. ఇంకను పెద్ద వైద్యము కావలసినవారికి హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు.

ఎర్రగడ్డ అనగానే మనలో కొందరు నవ్వుదురు. ఎవనినైన ఎగతాళి చేయవలెనన్న, "వీడిని ఎర్రగడ్డకు పంపాలె" అనుట మన వాడుక. ఆ మాటను బిడ్డలయెదుట అనుచు వచ్చిన మనమే, మన బిడ్డకు జబ్బు చేసినప్పుడు అక్కడికి వెళ్లుటకు సిగ్గుపడుచున్నాము. ఎగతాళి చేసిన నోరే దారికి అడ్డముగా నిలిచినది. ఈ మాటను మన సంఘమునుండి తీసివేయుదము.

అత్యవసర విభాగములో వైద్యులు మొదట శరీరమును చూతురు. జ్వరమున్నదా, రక్తములో చక్కెర తగ్గినదా, విషము లోనికి పోయినదా, తలకు దెబ్బ తగిలినదా అని పరీక్షింతురు. పిమ్మట ఎప్పటినుండి ఇట్లున్నది, ఏమి జరిగినది అని అడుగుదురు. మార్కు 9:21లో, బాధపడుచున్న చిన్నవాని తండ్రిని ప్రభువు కూడ ఇదే అడిగెను: ఎంతకాలమునుండి ఇట్లున్నదని. ఆ ప్రశ్నకు సత్యము చెప్పుడి. ఇంతకుముందు ఏ మందులు వాడితిరో, ఏ భూతవైద్యుని యొద్దకు వెళ్లితిరో, ఆ బిడ్డకు మద్యము, గంజాయి అలవాటున్నదో లేదో దాచకుడి.

అవసరమైనయెడల మనస్సు నెమ్మదించి నిద్రపట్టుటకు మందు ఇత్తురు. ప్రాణాపాయము ఉన్నప్పుడు అర్హతగల ఏ వైద్యుడైనను, ఏ ఆసుపత్రిలోనైనను 72 గంటల వరకు అత్యవసర మానసిక చికిత్స చేయవచ్చునని 2017 చట్టము చెప్పుచున్నది. కాబట్టి దగ్గరనున్న ఆసుపత్రికి మొదట వెళ్లుడి. "కరెంటు షాకు" అని భయపడువారు ఇది తెలిసికొనవలెను: మత్తు ఇయ్యకుండ ఆ చికిత్స చేయుటను చట్టము నిషేధించినది; పదునెనిమిదేండ్లు నిండనివారికైతే సంరక్షకుని సమ్మతియు, మానసిక ఆరోగ్య బోర్డు ముందస్తు అనుమతియు లేనిదే చేయరాదు.

5. తల్లిదండ్రులు గది లోపల ఉండవలెను

మార్కు 5వ అధ్యాయములో యాయీరు కుమార్తెకు పండ్రెండేండ్లు. ప్రభువు ఆ యింటికి వచ్చినప్పుడు అక్కడ గొల్లున ఏడ్చువారు అనేకులుండిరి. ఆయన వారినందరిని వెలుపలికి పంపెను. ఎవరిని లోనికి తీసికొని వెళ్లెను? ముగ్గురు శిష్యులను, ఆ చిన్నదాని తండ్రిని, తల్లిని. స్వస్థత జరిగిన గదిలో తల్లిదండ్రులు ఉండిరి. పిమ్మట ఆమెకు తినుటకు పెట్టుమని వారికే అప్పగించెను.

మనోవ్యాధికి ఆసుపత్రులు కట్టిన తొలి కాలములో రోగిని లోపల పెట్టి, కుటుంబమును వెలుపల ఉంచిరి. మన దేశములోనే దానిని మార్చిన వైద్యులుండిరి. 1950వ దశాబ్దములో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, రోగుల కుటుంబములను పిలిచి ఆసుపత్రి ఆవరణలో గుడారములలో ఉండనిచ్చెను. బంధువులు ప్రక్కనుండగా రోగులు త్వరగా కోలుకొని ఇంటికి వెళ్లిరి. మనవారు ఎరిగిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచినప్పుడు, కుటుంబసభ్యులు రోగితో కూడ ఉండు పద్ధతినే అవలంబించెను. పెద్ద ఆసుపత్రులు లేని పేద దేశము లోకమునకు నేర్పిన పాఠమిది.

ఇప్పుడు అది చట్టములోనికి కూడ వచ్చినది. మైనరును మానసిక వైద్యశాలలో చేర్చుకొన్నయెడల, పెద్దవారినుండి వేరుగా ఉంచవలెను. వైద్యశాలలో ఉన్నంతకాలము తల్లిగాని, తండ్రిగాని, నియమింపబడిన వారెవరైనగాని ప్రక్కన ఉండవలెను. ఆడపిల్లయైనయెడల స్త్రీయే తోడుండవలెను. చేర్చుకొన్న సంగతిని 72 గంటలలోపల బోర్డుకు తెలుపవలెను. తోడు అనునది ఇచ్చట దయాధర్మము కాదు. బిడ్డకు చట్టమిచ్చిన హక్కు.

అయితే కూలికి పోనిదే పూట గడవని తల్లి మూడు వారములు పట్టణములో ఎట్లుండగలదు? ఇంటియొద్ద చిన్నపిల్లలను ఎవరు చూతురు? గొడ్లకు మేత ఎవరు వేయుదురు? సంఘము లేచి నిలువవలసిన చోటు ఇదియే. మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్లవాని యింటికి పంపివేయలేదు. తాను తీసికొని వెళ్లెను, ఆ రాత్రి ఉండెను, దేనారములు ఇచ్చెను, తిరిగి వచ్చెదనని చెప్పెను. స్త్రీల కూటమువారు ఇంటియొద్ద వంతులవారీగా వంట చేయవచ్చును. యౌవనస్థులు చేను చూడవచ్చును. సంఘపు పెట్టెనుండి బస్సు చార్జీలు ఇయ్యవచ్చును. ఒకరు తల్లికి బదులుగా ఒక రాత్రి వార్డులో ఉండవచ్చును. ఇవి ప్రార్థనకు బదులు కావు, ప్రార్థనకు చేతులు.

6. గొలుసులు వద్దు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమపు పాకకు నిప్పంటుకొనెను. మనోవ్యాధిగలవారిని అక్కడ గొలుసులతో కట్టియుంచిరి. పారిపోలేక 28 మంది చనిపోయిరి. ప్రార్థనచేత స్వస్థత కలుగునని నమ్మి ఇంటివారే వారిని అక్కడ దింపి వెళ్లియుండిరి. అది ఏ మతమువారి స్థలము అను ప్రశ్న మనము వేయనక్కరలేదు. మన ప్రార్థన గృహములలో ఎన్నడును ఎవరిని కట్టలేదని, స్వస్థత పేర ఎవరిని కొట్టలేదని మనము గుండెమీద చేయి వేసికొని చెప్పగలమా?

గెరాసేనుల దేశములో ఊరివారు ఆ మనుష్యుని సంకెళ్లతో కట్టిరి, అది పనికిరాలేదు. ప్రభువు అతని పేరడిగెను. చివరకు అతడు బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై కూర్చుండెను; ప్రభువు అతనిని తన యింటివారియొద్దకు పంపెను. కట్టుట ఊరివారి పని. ఇంటికి చేర్చుట ప్రభువు పని. నేడు మనోరోగిని ఏ విధముగానైనను గొలుసులతో కట్టుట చట్టవిరుద్ధము. కుటుంబము స్వీకరింపలేదను కారణముచేత మాత్రమే ఎవనినైన వైద్యశాలలో ఉంచివేయుటకును చట్టము ఒప్పదు.

ఒక కాలమున కుష్ఠరోగిని ఊరివెలుపలికి త్రోసిరి. నిజామాబాదు దాపున దిచ్‌పల్లిలో క్రైస్తవ సేవకులు వారికొరకు ఆసుపత్రి కట్టిరి. నేడు ఆ వ్యాధి మాత్రలతోనే మానుచున్నది. నాడు కుష్ఠరోగిని ముట్టిన సంఘము, నేడు మనోరోగి యింటి గడప త్రొక్కుటకు వెనుదీయవచ్చునా?

7. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత

బిడ్డ ఇంటికి రాగానే ఆపద గడచినదని తలంచుట పొరపాటు. ఆసుపత్రినుండి వచ్చిన మొదటి కొన్ని వారములే మరల ప్రాణాపాయము ఎక్కువగా ఉండు కాలమని వైద్యులు చెప్పుదురు. కొన్ని మందులు పూర్తిగా పనిచేయుటకు వారములు పట్టును. "ఇప్పుడు బాగున్నాడు గదా" అని మందులు మనంతట మనము మాన్పింపరాదు. అట్లు మానినందున వ్యాధి తిరుగబడును. వైద్యుడు పిలిచిన దినమున మరల తీసికొని వెళ్లవలెను.

ఆ వారములలో సంఘపువారు వెళ్లి చూడవలెను, గాని ఎట్లు? యాయీరు యింటనుండి వచ్చునప్పుడు, ఈ సంగతి ఎవరికిని తెలియకూడదని ప్రభువు గట్టిగా ఆజ్ఞాపించెను. ఆ చిన్నది ఇక ఆ ఊరిలోనే బ్రదుకవలసినది గదా. మనము కూడ బిడ్డ పేరును వ్యాధిని ప్రార్థన మనవిగా మైకులో చదువరాదు. పెండ్లి సంబంధముల యొద్ద గుసగుసలాడరాదు. సాక్ష్యము చెప్పుమని బలవంతము చేయరాదు. వెళ్లుడి, కూర్చుండుడి, టీ త్రాగుడి, వర్షమును గూర్చి, బడిని గూర్చి మాటలాడుడి. అతడు తన దుఃఖమును రెండుమారులు చెప్పినయెడల రెండుమారులును వినుడి. చేయగలిగిన చిన్న పని ఒకటి అతనికి అప్పగించుడి. ఏలీయాకు దేవుడు మరల పని ఇచ్చెనని మరువకుడి.

ప్రియులారా, ఈ పాఠమంతటిలో మేము చెప్పినది ఒక్కటే. ప్రార్థన ఒక దారి, ఆసుపత్రి ఒక దారి అని మన జంక్షనువలె రెండు దారులు లేవు. ప్రార్థించుచు ఆసుపత్రికి నడిచిన ఒకే దారి ఉన్నది. ఆ దారిన బిడ్డను పంపవద్దు. బిడ్డతో కూడ వెళ్లుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీయాతో మాటలాడుటకు ముందు దేవుడు అతనికి ఏమేమి చేసెను? మన యింటిలో ఈ క్రమము తలక్రిందులగుచున్నదా?

2. మన సంఘములో ఏ మాటలు, ఏ ఎగతాళి మనోవ్యాధిగలవారి కుటుంబములను దాగియుండునట్లు చేయుచున్నవి?

3. ఒక తల్లి తన బిడ్డతో ఆసుపత్రిలో మూడు వారములు ఉండవలసి వచ్చినయెడల, ఆమె యింటి పనిని మనలో ఎవరెవరు పంచుకొందురు? పేర్లు వ్రాసికొనుడి.

4. మన యిండ్లలో పురుగు మందు ఎక్కడ ఉన్నది? ఈ వారములోపల దానికి తాళము వేయుదుమా?

ప్రార్థన

దయగల తండ్రీ, బదరీ వృక్షము క్రింద పండుకొనిన నీ సేవకుని తిట్టక తినిపించిన దేవా, మా బిడ్డల మనస్సులు నీ యెదుట ఉన్నవి. నిద్రలేని వారికి నిద్ర దయచేయుము. వార్డులో నేలమీద పండుకొనియున్న తల్లులకు బలమిమ్ము. వైద్యులకు, నర్సులకు ఓర్పు నిమ్ము. మేము సిగ్గుచేత దాచిన దినములను, అజ్ఞానముచేత చెప్పిన మాటలను క్షమించుము. చీకటిలో నున్న బిడ్డకు, మేమందరము ఇక్కడనే ఉన్నామని చెప్పి, చెప్పినట్లు నిలిచియుండునట్లు మాకు కృప నిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.